ఆర్మీ, నేవీ, ఎయిర్‌ఫోర్స్: మన దళాల మధ్య ఈ పోటీ ఎందుకు?

జనవరి 26 పరేడ్‌లో మూడు దళాలూ అడుగు కలిపి నడుస్తాయి. ఢిల్లీ ఆఫీసుల్లోకి వెళ్తే మాత్రం వేరే కథ. ఈ హెలికాప్టర్ ఎవరిది, ఆ విమానం ఎవరి చేతిలో ఉండాలి, గెలిచిన పేరు ఎవరికి రావాలి అనే పంచాయితీ దశాబ్దాలుగా నడుస్తోంది. ఇజ్జత్ గొడవే కదా అని తీసిపారేయడానికి లేదు. యుద్ధం వస్తే దీని ఫలితం అనుభవించేది కొండ మీద ఉన్న జవాను.

బ్రిటిష్ వాళ్ల కాలంలో అందరి మీదా ఒక్క కమాండర్-ఇన్-చీఫ్ ఉండేవాడు. 1947లో మూడు దళాలకూ ముగ్గురు అధిపతులు వచ్చారు. 1955లో ముగ్గురికీ 'చీఫ్ ఆఫ్ స్టాఫ్' అనే పేరు పెట్టారు. కాగితం మీద అందరూ సమానమే. కానీ ఆర్మీలో ఉన్నది సుమారు 12 లక్షల మంది. మిగతా రెండూ కలిపినా అందులో నాలుగో వంతు ఉండరు. కాబట్టి ఆర్మీ పెద్దన్నలా మాట్లాడుతుందని వాళ్ల ఫిర్యాదు.

అసలు గొడవంతా ఎగిరే వాటి దగ్గరే. సముద్రం మీద నిఘా వేసే విమానాలు మొదట ఎయిర్‌ఫోర్స్ దగ్గర ఉండేవి. అవి 1976లో గానీ నేవీ చేతికి రాలేదు. 1986లో ఆర్మీకి సొంత ఏవియేషన్ కోర్ ఏర్పడింది. అప్పుడు కూడా దాడి చేసే పెద్ద హెలికాప్టర్లు ఎయిర్‌ఫోర్స్ దగ్గరే ఉండిపోయాయి. అమెరికా నుంచి కొన్న మొదటి 22 అపాచీలు కూడా అటే పోయాయి. ఆర్మీ తనకోసం వేరేగా 6 కొనుక్కోవాల్సి వచ్చింది. వాటిలో మొదటివి 2025 జూలైలో దిగాయి.

ఇక పేరు విషయం. 1971 డిసెంబర్ 4 రాత్రి నేవీ మిసైల్ బోట్లు కరాచీ మీద దాడి చేశాయి. మనం ఏటా నేవీ డే జరుపుకునేది ఆ రోజునే. అదే రోజు పొద్దున ఎయిర్‌ఫోర్స్ హంటర్ విమానాలు కరాచీలోని కెమారీ ఆయిల్ ట్యాంకుల మీద దాడి చేశాయి. ఆ ట్యాంకులు తగలబెట్టింది మేమంటే మేమని రెండు దళాలూ రాసుకున్నాయి. మరో సంగతి చూడండి. ఆర్మీలో మానెక్‌షా, కరియప్ప ఫీల్డ్ మార్షళ్లు అయ్యారు. 2002లో అర్జన్ సింగ్‌కు ఎయిర్‌ఫోర్స్ మార్షల్ హోదా దక్కింది. నేవీలో ఆ స్థాయి ఇప్పటివరకు ఎవరికీ దక్కలేదు.

పేరు కోసం కొట్లాడుకోవడం వేరు, యుద్ధంలో ఆలస్యం కావడం వేరు. 1962లో చైనాతో యుద్ధంలో ఎయిర్‌ఫోర్స్ ఫైటర్లను అసలు దింపనే లేదు. సామాన్లు మోయడానికే విమానాలు వాడారు. అది రాజకీయ నిర్ణయం అనుకుందాం. మరి 1999 కార్గిల్? మే నెలలో ఆర్మీ సాయుధ హెలికాప్టర్లు పంపమంది. అంత ఎత్తులో అవి పనిచేయవని, పైగా ప్రభుత్వ అనుమతి కావాలని ఎయిర్‌ఫోర్స్ అంది. చివరికి మే 26న గానీ వైమానిక దాడులు మొదలు కాలేదు. 27న రెండు ఫైటర్లు పోయాయి. 28న ఒక ఎంఐ-17 హెలికాప్టర్ కూలి అందులోని నలుగురూ చనిపోయారు. తప్పెవరిదన్న దాని మీద అప్పటి ఆర్మీ చీఫ్ మలిక్, ఎయిర్ చీఫ్ టిప్నిస్ తర్వాత కూడా చెరో మాట చెప్పారు. ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉంది, కానీ ఇద్దరినీ ఒక దారికి తెచ్చేవాడే అప్పట్లో లేడు.

ఆ లోటు తీర్చడానికే చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ పదవి. 2001లో మంత్రుల బృందం సిఫార్సు చేస్తే, 2020 జనవరి 1న జనరల్ బిపిన్ రావత్ బాధ్యతలు తీసుకున్నారు. అంటే దాదాపు పంతొమ్మిదేళ్లు పట్టింది! తర్వాతైనా గొడవ ఆగిందా అంటే లేదు. 2021 జూలైలో ఎయిర్‌ఫోర్స్ కూడా ఫిరంగి దళంలాగా సహాయక దళమే అని రావత్ అన్నారు. కాదు, మా పాత్ర అంతకంటే చాలా పెద్దదని ఎయిర్ చీఫ్ భదౌరియా అదే రోజు బదులిచ్చారు.

ఇప్పుడు చర్చ అంతా థియేటర్ కమాండ్ల మీద. మన దగ్గర మూడు దళాలకూ కలిపి 17 కమాండ్లు ఉన్నాయి. తూర్పు వైపే చూడండి: ఆర్మీ తూర్పు కమాండ్ కోల్‌కతాలో, ఎయిర్‌ఫోర్స్‌ది షిల్లాంగ్‌లో, నేవీది మన విశాఖపట్నంలో. దిక్కు ఒకటే, ఆఫీసర్లు ముగ్గురు, ఊళ్లు మూడు. థియేటర్ పద్ధతి వస్తే ఒక ప్రాంతంలోని మూడు దళాలూ ఒకే కమాండర్ కింద పనిచేస్తాయి. 2001 నుంచి అండమాన్‌లో ఇలాంటి ఉమ్మడి కమాండ్ ఒకటి ఉంది.

దీని మీద ఎయిర్‌ఫోర్స్‌కే ఎక్కువ అభ్యంతరం. ఉండాల్సిన ఫైటర్ స్క్వాడ్రన్లు 42, ఉన్నవి 30 అటూఇటూ. ఉన్న కాసిన్ని విమానాలను తలా కొన్ని పంచేస్తే, అవసరం వచ్చిన చోటికి వెంటనే పంపడం ఎలా అని అడుగుతోంది. ప్రశ్న న్యాయమైనదే. ఈలోపు ఒక చిక్కు మాత్రం తీరింది. ఉమ్మడి సంస్థకు నేవీ ఆఫీసర్ అధిపతిగా ఉంటే, తన కింద ఉన్న ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగి తప్పు చేసినా చర్య తీసుకునే అధికారం ఆయనకు ఉండేది కాదు. కేసును ఆ దళానికే పంపాల్సి వచ్చేది. 2023లో చేసిన చట్టం ఆ అధికారం ఇచ్చింది. అది 2024 మే నుంచి అమల్లోకి వచ్చింది.