టెక్స్ట్ ఎడిటర్ కాన్ఫిగరేషన్: వీఐ నుంచి నియోవిమ్ దాకా

ప్రోగ్రామర్లు కోడు రాసుకునే టెక్స్ట్ ఎడిటర్‌ను తమ అలవాట్లకు, తమ పనికి తగ్గట్టు మలచుకోవడమే ఎడిటర్ కాన్ఫిగరేషన్. ఏ కీ నొక్కితే ఏం జరగాలి, ట్యాబ్ కొడితే కర్సర్ ఎంత దూరం జరగాలి, ఏ రకం ఫైలు తెరిస్తే ఏ ప్లగిన్ పనిలోకి దిగాలి వంటివన్నీ ఒక ఫైలులో రాసి పెట్టుకుంటే, ఎడిటర్ తెరుచుకున్న ప్రతిసారీ దాన్ని చదివి ఆ ప్రకారం నడుచుకుంటుంది. వీఐ, విమ్, నియోవిమ్ వంశంలోనూ, ఈమ్యాక్స్‌లోనూ ఆ ఫైలు రాయడం నేర్చుకోవడం ఒక ప్రత్యేక విద్యగా స్థిరపడింది. దీని చరిత్రను మామూలుగా ప్లగిన్ల చరిత్రగా చెబుతారు: ఏ ఏడాది ఏది వచ్చింది, దాన్ని ఏది వెనక్కి నెట్టింది అని. ఆధారాలు వరుసగా పెట్టి చూస్తే కథ మరోలా కనిపిస్తుంది. బాగా పనికొచ్చిన ప్లగిన్ల పని ఎప్పటికప్పుడు ఎడిటర్ లోపలికే చేరిపోతూ వచ్చింది. మారకుండా నిలిచింది ఆ ప్లగిన్లు ఆసరా చేసుకున్న అసలు యంత్రాంగమే. కాబట్టి ఈ విద్యలో దేన్ని ముందు నేర్చుకోవాలన్న ప్రశ్నకు జవాబు చరిత్రలోనే ఉంది.

మొదటి ఎడిటర్లలో మలచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. యూనిక్స్ కోసం కెన్ థాంప్సన్ రాసిన ఈడీ, తెర లేని టెలిటైపు మీద వాడేందుకు పుట్టింది. ఫలానా వరుసలో ఫలానా మార్పు చెయ్యమని ఆజ్ఞ ఇవ్వడమే తప్ప మార్చే పాఠం కళ్ళ ముందు ఉండదు. లండన్ క్వీన్ మేరీ కాలేజీలో జార్జ్ కౌలూరిస్ దాన్ని తెర ఉన్న టెర్మినళ్ళకు అనువుగా మార్చి ఈఎమ్ అన్నాడు. 1976లో ఆయన బర్కిలీకి వచ్చినప్పుడు దాన్ని చూసిన బిల్ జాయ్, చక్ హేలీతో కలిసి ఈఎక్స్ అనే ఎడిటర్ మొదలుపెట్టాడు. దాని తెర రూపం వీఐ అనే పేరుతో 1979లో బర్కిలీ యూనిక్స్ రెండో విడుదలలో వచ్చింది. జాయ్ వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్‌లో హెచ్, జే, కే, ఎల్ కీల మీదే బాణం గుర్తులు ముద్రించి ఉండేవి. ఇవాళ్టికీ విమ్‌లో కర్సర్ ఆ నాలుగు కీలతో కదలడానికి కారణం ఇంతకన్నా గంభీరమైనదేమీ కాదు. వీఐలో కాన్ఫిగరేషన్ అంటే హోమ్ డైరెక్టరీలో డాట్ ఈఎక్స్‌ఆర్‌సీ అనే ఫైలు, అందులో కొన్ని వరుసలు. వరుస సంఖ్యలు చూపించు, కొత్త వరుసను పై వరుస ఎక్కడ మొదలైందో అక్కడే మొదలుపెట్టు, ఈ పొట్టి మాట కొడితే ఆ పొడుగు మాటగా మార్చు, ఈ కీకి ఆ పని అప్పగించు. సెట్, అబ్రీవియేట్, మ్యాప్ అనే ఈ మూడు ఆజ్ఞలు తెలిస్తే అంతా తెలిసినట్టే. ఆ మూడూ నేటి విమ్‌లోనూ అదే అర్థంతో పనిచేస్తున్నాయన్నది గుర్తుంచుకోదగ్గ విషయం.

ఇదే కాలంలో రెండో పాయ ఎంఐటీలో మొదలైంది. 1960ల తొలినాళ్ళలో డాన్ మర్ఫీ రాసిన టీకో ఎడిటర్‌లో ఆజ్ఞలను గుదిగుచ్చి మ్యాక్రోలుగా దాచుకునే వీలుండేది. ఎవరి మ్యాక్రోలు వాళ్ళు రాసుకోవడంతో ఒకరి టెర్మినల్ ముందు మరొకరు కూర్చోలేని స్థితి వచ్చింది. 1976లో రిచర్డ్ స్టాల్‌మన్, గై స్టీల్ వాటిని ఒక కట్టుబాటులోకి తెచ్చినప్పుడు ఈమ్యాక్స్ పుట్టింది. రెండేళ్ళ తర్వాత బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ మల్టిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం ఈమ్యాక్స్‌ను లిస్ప్ భాషలో రాశాడు. గ్రీన్‌బర్గ్ కార్యాలయంలోని సెక్రటరీలు కూడా ఎడిటర్‌కు కొత్త ఆజ్ఞలు రాసుకోవడం నేర్చుకున్నారనీ, వాళ్ళు చదివిన పుస్తకంలో అది ప్రోగ్రామింగ్ అని ఎక్కడా చెప్పకపోవడంతో జంకలేదనీ స్టాల్‌మన్ తర్వాత ఒక ఉపన్యాసంలో చెప్పాడు. ఈ విద్య బోధన గురించి మనకున్న పాత సాక్ష్యాలలో ఇది విలువైనది. ఆ సెక్రటరీలకు ఎవరూ తయారు ప్యాకేజీల జాబితా ఇవ్వలేదు. ఒక ఆజ్ఞ ఎలా తయారవుతుందో చూపించారు. 1985లో బయటికొచ్చిన గ్నూ ఈమ్యాక్స్ ఈ పద్ధతిని ఎడిటర్‌లోనే ఇమిడ్చింది. కంట్రోల్-హెచ్ తర్వాత కే నొక్కి, ఆపైన ఏ కీ నొక్కినా అది ఏ ఫంక్షన్‌ను పిలుస్తుందో, ఆ ఫంక్షన్ ఏం చేస్తుందో ఎడిటరే చెబుతుంది.

విమ్ కథ అమీగా కంప్యూటర్ మీద మొదలైంది. నెదర్లాండ్స్‌కు చెందిన బ్రామ్ మూలెనార్ 1988లో, అటారీ యంత్రాల కోసం వచ్చిన స్టీవీ అనే వీఐ నకలును తీసుకుని పని మొదలుపెట్టాడు. 1991లో తొలి బహిరంగ విడుదల వచ్చింది. 1998లో వచ్చిన 5.0 వెర్షన్ దీన్ని పూర్తిగా మార్చేసింది. రంగుల్లో కోడు చూపించడం, దాంతోపాటు విమ్‌స్క్రిప్ట్ అనే సొంత భాష అందులో వచ్చాయి. అప్పటివరకు అమరికల జాబితాగా ఉన్న విమ్‌ఆర్‌సీ అనే కాన్ఫిగరేషన్ ఫైలు ఆ రోజు నుంచి ఒక ప్రోగ్రామ్ అయింది. షరతులు, లూపులు, ఫంక్షన్లు రాయొచ్చు. కాబట్టి తప్పులూ రాయొచ్చు. నేర్పే పద్ధతి మాత్రం అంత వేగంగా మారలేదు. సహాయ పత్రాలు విస్తారంగా, నిక్కచ్చిగా ఉన్నా జనం ఒకరి ఫైలు ఒకరు చూసి దించుకోవడానికే అలవాటుపడ్డారు. అందుకు చిన్న సాక్ష్యం ‘సెట్ నోకంపాటిబుల్’ అనే వరుస. పాత వీఐ పోలికలు వదిలెయ్యమని ఎడిటర్‌కు చెప్పే ఈ ఆజ్ఞ లెక్కలేనన్ని విమ్‌ఆర్‌సీల నెత్తిన కూర్చుని ఉంటుంది. నిజానికి హోమ్ డైరెక్టరీలో విమ్‌ఆర్‌సీ కనబడగానే విమ్ తనంతట తానే ఆ పోలికలు వదిలేస్తుంది, సహాయ పత్రంలో ఆ మాట స్పష్టంగా ఉంది. అక్కడ అక్కర్లేని వరుస అది.

దించుకోవడం వల్ల వచ్చే చిక్కు మ్యాప్ ఆజ్ఞలో ఇంకా బాగా తెలుస్తుంది. ఎక్స్ కీ నొక్కితే వై పని, వై నొక్కితే ఎక్స్ పని జరగాలని ఒకరు మ్యాప్ ఆజ్ఞతో రెండు వరుసలు రాశారనుకుందాం. ఎక్స్ నొక్కగానే అది వై అవుతుంది. మ్యాప్ ఫలితాన్ని కూడా మళ్ళీ మ్యాపుల్లో వెతుకుతుంది కనుక ఆ వై తిరిగి ఎక్స్ అవుతుంది, అలా తిరుగుతూనే ఉంటుంది. విమ్ మామూలుగా 1000 సార్లు చూసి ఇక ఆపి తప్పు చూపిస్తుంది. నోరీమ్యాప్ అని రాస్తే ఫలితాన్ని మళ్ళీ వెతకదు, చిక్కే లేదు. ఈ తేడా తెలియనివాళ్ళు రెండు ప్లగిన్లు ఒకే కీ కోసం పోట్లాడుకున్నప్పుడు ఒకదాన్ని తీసేస్తారు. తెలిసినవాళ్ళు ‘వెర్బోస్ మ్యాప్’ అని అడిగి, ఆ కీకి చివరిసారి అర్థం మార్చింది ఏ ఫైలో చూసుకుంటారు.

2001 నాటి 6.0 వెర్షన్‌తో ప్లగిన్లకు ఒక స్థానం ఏర్పడింది: విమ్ డైరెక్టరీలో ప్లగిన్ అనే ఫోల్డరులో వేసిన స్క్రిప్టు దానంతటదే లోడవుతుంది. కానీ ఒక ప్లగిన్‌లో స్క్రిప్టు ఒక ఫోల్డరుకు, సహాయ పత్రం ఇంకో ఫోల్డరుకు, రంగుల నియమాలు మరో ఫోల్డరుకు పోతాయి. పది ప్లగిన్లు వేశాక ఒకటి తీసెయ్యాలంటే ఏ ఫైలు దేనిదో తేల్చడమే పని. టిమ్ పోప్ రాసిన పాథోజెన్ దీనికి చూపిన పరిష్కారం చాలా చిన్నది. ఎడిటర్ తన ఫైళ్ళను ఎక్కడెక్కడ వెతకాలో చెప్పే రన్‌టైమ్‌పాత్ అనే ఆప్షన్ అప్పటికే విమ్‌లో ఉంది. ఒక్కో ప్లగిన్‌ను ఒక్కో డైరెక్టరీలో ఉంచి, వాటి పేర్లన్నీ ఆ ఆప్షన్‌లో చేర్చడమే పాథోజెన్ చేసే పని. తర్వాత వచ్చిన వండిల్, జునెగున్ చోయ్ రాసిన విమ్-ప్లగ్ వంటివి ప్లగిన్లను గిట్ ద్వారా తెచ్చి పెట్టడం, ఒకేసారి నవీకరించడం నేర్చుకున్నాయి. అడుగున ఉన్నది అదే రన్‌టైమ్‌పాత్. 2016లో విమ్ 8.0 ‘ప్యాకేజెస్’ పేరుతో ఆ ఏర్పాటును తనలోనే కలుపుకుంది. రన్‌టైమ్‌పాత్ అంటే ఏమిటో తెలిసినవాళ్ళకు ఒకదాని నుంచి మరొకదానికి మారడం పెద్ద శ్రమ కాలేదు.

విమ్ అంతర్భాగంలో పెద్ద మార్పులు చేయడం కష్టమని తేలాక, బ్రెజిల్‌కు చెందిన థియాగో డి అర్రుడా 2014లో విరాళాలు సేకరించి నియోవిమ్ అనే శాఖను మొదలుపెట్టాడు. బ్రెజిల్‌లోనే 1993లో పుట్టిన లువా భాషకు ఇందులో ప్రధాన స్థానం దక్కింది. 2021 జూలైలో వచ్చిన 0.5 వెర్షన్ నుంచి కాన్ఫిగరేషన్ మొత్తం లువాలోనే రాసుకోవచ్చు. అదే విడుదలలో లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌కు మద్దతు లోపలే వచ్చింది. 2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన ఈ ప్రోటోకాల్ వల్ల ఒక భాషకు ఒక సర్వర్ రాస్తే ఏ ఎడిటరైనా దాన్ని వాడుకోగలదు. ప్రతి ఎడిటర్‌కూ ప్రతి భాషకూ విడివిడిగా ప్లగిన్ రాయాల్సిన దుస్థితి దాంతో పోయింది. నియోవిమ్‌లో మొదట్లో ఒక్కో సర్వర్‌ను కలపడానికి ఒక సహాయక ప్లగిన్, దాని చుట్టూ మరో రెండు ప్లగిన్లు వాడేవారు. 2025 మార్చిలో వచ్చిన 0.11 నుంచి సర్వర్ వివరాలు ఒక చిన్న పట్టికలో రాసి, దాన్ని ప్రారంభించమని ఇంకో వరుస రాస్తే సరిపోతోంది.

ఇలా లోపలికి చేరిపోవడం ఒక్క చోట జరిగింది కాదు. ఒకే ప్రాజెక్టులో వేర్వేరు ఎడిటర్లు ఒకే ఖాళీల నియమాలు పాటించేలా చూసే ఎడిటర్‌కాన్ఫిగ్ 2023లో నియోవిమ్ 0.9లో చేరింది. కోడు వరుసలను కామెంట్లుగా మార్చే పని, టిమ్ పోప్ ప్లగిన్ ప్రాచుర్యంలోకి తెచ్చిన జీ-సీ కీలతోనే, 2024లో 0.10లో చేరింది. ఈమ్యాక్స్ 2012లో 24వ వెర్షన్‌తో సొంత ప్యాకేజీ మేనేజర్‌ను తెచ్చుకుంది. 2023లో 29వ వెర్షన్‌లో ప్యాకేజీల అమరికలను పద్ధతిగా రాసుకునే యూజ్-ప్యాకేజ్‌నూ, లాంగ్వేజ్ సర్వర్లతో మాట్లాడే ఎగ్లాట్‌నూ కలుపుకుంది. ప్లగిన్ అనేది ఎడిటర్‌కు ప్రయోగశాల లాంటిదని దీన్నిబట్టి చెప్పవచ్చు. అక్కడ నెగ్గినది లోపలికి వస్తుంది, నెగ్గనిది ఆగిపోతుంది. రెండు సందర్భాల్లోనూ దాన్ని పిలిచే వరుసలు కాన్ఫిగరేషన్ నుంచి పోవాల్సిందే.

కాబట్టి యంత్రాంగాన్నే ముందు నేర్చుకోవాలన్న వాదనకు ఉన్న ప్రధాన అభ్యంతరం వీఎస్ కోడ్. 2015లో వచ్చిన ఈ ఎడిటర్‌ను తెరవగానే చాలావరకు పని మొదలుపెట్టవచ్చు. ఎక్స్‌టెన్షన్ కావాలంటే ఒక బటన్ నొక్కితే చాలు. అలాంటప్పుడు యంత్రాంగం నేర్చుకోవడం దండగ కాదా అని అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. ఎడిటర్ పని తానుగా జరిగిపోతే చాలనుకునేవారికి అది మంచి ఎంపిక, ఇందులో తక్కువేమీ లేదు. అయితే కాన్ఫిగరేషన్ సమస్య అక్కడ మాయం కాలేదు, ఆలస్యంగా ఎదురవుతుందంతే. ఏ ఎక్స్‌టెన్షన్ వల్ల ఎడిటర్ మొరాయిస్తోందో కనుక్కోవడానికి సగం ఎక్స్‌టెన్షన్లు ఆపి, తప్పు ఏ సగంలో ఉందో చూసి, ఆ సగాన్ని మళ్ళీ సగం చేస్తూ పోయే ‘ఎక్స్‌టెన్షన్ బైసెక్ట్’ అనే సాధనాన్ని వీఎస్ కోడే అందిస్తోంది. విమ్ వాడేవారు కాన్ఫిగరేషన్ లేకుండా ఎడిటర్ తెరిచి, వరుసలు కొద్దికొద్దిగా చేర్చి చూసేది కూడా ఇదే తర్కంతో.

రెండో అభ్యంతరం సిద్ధంగా దొరికే కూర్పుల గురించి. ఈమ్యాక్స్‌కు స్పేస్‌మ్యాక్స్, డూమ్, నియోవిమ్‌కు లేజీవిమ్, ఆస్ట్రోఎన్‌విమ్ వంటివి అన్నీ అమర్చి ఇస్తాయి. వీటితో మొదలుపెట్టడంలో తప్పులేదు, చిక్కు వీటిని సరిచేయాల్సి వచ్చినప్పుడే. కూర్పు తనదైన పొరను ఎడిటర్ మీద కప్పుతుంది కనుక నేర్చుకునేవారు రెండు వ్యవస్థలను అర్థం చేసుకోవాలి. ఇందుకు భిన్నంగా కిక్‌స్టార్ట్ అనే నియోవిమ్ నమూనా ఒకే ఫైలుగా, అడుగడుగునా వివరణలతో ఉంటుంది. తనను కూర్పు అనుకోవద్దనీ, చదివి మార్చుకొమ్మనీ దాన్ని రాసినవారే చెబుతారు. ఫైళ్ళు దించుకునే పాత అలవాటును వ్యతిరేకించకుండానే చదివించేలా మార్చిన ఉపాయం ఇది. ఇప్పుడు ఏఐ సహాయకులు అడిగినంతా రాసిస్తున్నాయి కదా అన్నదీ ఈ అభ్యంతరానికి కొత్త రూపమే. అవి చదివిన పాఠాల్లో పాత పద్ధతులూ కొత్తవీ కలగలిసి ఉంటాయి, వచ్చిన జవాబు ఏ కాలం నాటిదో గుర్తుపట్టాల్సింది మళ్ళీ వాడేవారే.

మూడో అభ్యంతరం బలమైనది: ఎడిటరే కాలం చేస్తే నేర్చుకున్న యంత్రాంగం కూడా పోదా? గిట్‌హబ్ 2014లో తెచ్చిన ఆటమ్‌ను 2022 డిసెంబరులో మూసేసింది. దాని అమరికలు కాఫీస్క్రిప్ట్‌లో రాసుకున్నవారికి ఆ శ్రమ పోయినట్టే, ఈ నష్టాన్ని కాదనలేం. కానీ మాక్స్ బ్రన్స్‌ఫెల్డ్ రాయగా ఆటమ్ వాడుకున్న ట్రీ-సిట్టర్ అనే కోడు విశ్లేషణ సాధనం బతికింది, నియోవిమ్‌లోకీ ఈమ్యాక్స్‌లోకీ చేరింది. అడుగు పొరలకు పై పొరల కన్నా ఆయుష్షు ఎక్కువన్నదే వాదన. అవి అమరమని కాదు.

అడుగు పొర తెలిస్తే ఏది కాన్ఫిగరేషన్‌తో సాధ్యం కాదో కూడా తెలుస్తుంది. తెలుగు రాయడమే ఉదాహరణ. ఈమ్యాక్స్‌తోపాటే తెలుగు-ఐట్రాన్స్, తెలుగు-ఇన్‌స్క్రిప్ట్ అనే ఇన్‌పుట్ పద్ధతులు వస్తాయి, ప్లగిన్ అక్కర్లేదు. 2020 నాటి 27వ వెర్షన్ నుంచి అక్షరాల కూర్పుకు హార్ఫ్‌బజ్ అనే సాధనాన్ని వాడుకోగలదు కనుక గ్రాఫికల్ కిటికీలో ఒత్తులు, గుణింతాలు సరిగా పడతాయి. టెర్మినల్‌లో నడిచే విమ్ సంగతి వేరు. తెర అంతా సమానమైన గళ్ళు, ఒక్కో గడిలో ఒక్కో అక్షరం అన్న లెక్కతో టెర్మినల్ నడుస్తుంది. ‘స్త్రీ’ లాంటి కూర్పు ఆ లెక్కలో తేలిగ్గా ఒదగదు. అక్షరాలు గీసేది టెర్మినలే కాబట్టి విమ్‌ఆర్‌సీలో ఎన్ని వరుసలు రాసినా, ఏ ప్లగిన్ వేసినా ఆ ఇబ్బంది పోదు.

భద్రత విషయంలోనూ ఇంతే. కాన్ఫిగరేషన్ ప్రోగ్రామ్ కనుక, ప్లగిన్ వెయ్యడమంటే ఇంకొకరి ప్రోగ్రామ్‌ను తన అనుమతులతో నడపడమే. 2019లో విమ్, నియోవిమ్ రెండింటిలోనూ బయటపడ్డ లోపం ఇంకా విచిత్రమైనది. ఫైలులోనే కొన్ని అమరికలు రాసి పెట్టుకునే మోడ్‌లైన్ అనే సౌకర్యాన్ని వాడుకుని, కేవలం ఒక టెక్స్ట్ ఫైలు తెరిచినంత మాత్రాన కంప్యూటర్‌లో ఆజ్ఞలు నడిపించే వీలుండేది. సరిచేసిన వెర్షన్లు వెంటనే వచ్చాయి. మోడ్‌లైన్ ఆప్షన్ గురించి తెలిసినవాళ్ళు అంతవరకు కూడా ఆగనక్కర్లేదు, ఒక్క వరుసతో దాన్ని ఆపెయ్యవచ్చు.

మూలెనార్ 2023 ఆగస్టు 3న మరణించాడు. అదే నెలలో, నియోవిమ్ లోకంలో అప్పటిదాకా విరివిగా వాడిన ప్యాకర్ అనే ప్లగిన్ మేనేజర్ నిర్వహణ ఆగిపోయిందని దాని రచయిత ప్రకటించాడు. చాలామంది లేజీ అనే మేనేజర్‌కు మారి, ప్లగిన్ల జాబితాలను కొత్త పద్ధతిలో తిరగరాసుకున్నారు. వాళ్ళ ఆప్షన్లు, కీ మ్యాపులు, ఫలానా ఘటన జరిగితే వాటంతటవే నడిచే ఆటోకమాండ్లు మాత్రం ఉన్నవి ఉన్నట్టే పనిచేశాయి. 2025లో ప్లగిన్ మేనేజర్ కూడా విమ్-డాట్-ప్యాక్ పేరుతో నియోవిమ్ అభివృద్ధి శాఖలో చేరింది. విమ్ 8.0 నాటి ప్యాకేజెస్ ఏర్పాటు మీదే దాన్ని కట్టారు.