వెండి నాణెం, తపాలా బిళ్ళ

నాణెం చేతులు మారడానికే కాక, జ్ఞాపకాన్ని నిలపడానికీ ఉపకరిస్తుంది. కెనడా టంకశాల 1990 నుండి 1999 వరకు తమ విమానయాన చరిత్రను ఇరవై డాలర్ల వెండి నాణేల వరుసగా వెలువరించింది. వాటిపై విమానాలు. పక్కనే బంగారు పూత పూసిన అండాకార ఫలకంలో ఆ కథకు చెందిన మనిషి ముఖం. యంత్రంతో పాటు మనిషినీ తలచిన ఆ పద్ధతి మెచ్చదగినది.

మన దేశంలో ఈ గౌరవం ఎక్కువగా తపాలా బిళ్ళకు దక్కింది. ఒక విధంగా అదే న్యాయం. మన తొలి విమానాలు మోసినవి ఉత్తరాలే కదా! 1911 ఫిబ్రవరి 18న ఆన్రీ పెకే అనే ఫ్రెంచి వైమానికుడు అలహాబాదు నుండి యమున దాటి నైనీకి సుమారు 6,500 జాబులను చేరవేశాడు. ప్రపంచంలో అధికారికమైన తొలి విమాన తపాలా అదే. దాని స్వర్ణోత్సవానికి 1961లో బిళ్ళలు వెలువడ్డాయి. అటువంటి వాటిని నీట తడిపి ఊడదీసి, నోటు పుస్తకాలలో దాచుకొన్న పూర్వ విద్యార్థులు మనలో ఉండకపోరు.

మనకు మరింత దగ్గరిది 1932 నాటి ప్రయాణం. అక్టోబరు 15న జె.ఆర్.డి. టాటా చిన్న ‘పుస్ మాత్’ విమానంలో కరాచీ నుండి అహమ్మదాబాదు మీదుగా బొంబాయి చేరారు. అక్కడ నుండి ఉత్తరాలను బళ్ళారి మీదుగా మద్రాసుకు తెచ్చినవారు నెవిల్ విన్సెంట్. గూడూరు రైలు మార్గంలోని మన ఎలవూరుకు ఆ మద్రాసు పొరుగు పట్నమే.

1982లో ఆ ఘట్టానికి యాభై ఏండ్లు నిండగా తపాలా బిళ్ళ వెలువడింది. 78 ఏండ్ల టాటా మరల కరాచీ నుండి బొంబాయికి విమానం నడిపారు. విన్సెంట్ ఆ ఉత్సవం చూడలేదు. 1942లో విమాన ప్రయాణంలోనే అసువులు బాశారు. కెనడా వారి బంగారు ఫలకం వంటిది మనకూ ఉంటే, మద్రాసు దాకా వచ్చిన ఆ ముఖానికి అందులో చోటు ఉండవలసింది.