వన్స్‌మోర్: సీమ పద్యనాటకానికి జనమిచ్చిన తీర్పు

సినిమా ఎలా ఉందో ఆట వదిలాక తెలుస్తుంది. పద్యనాటకం సంగతి వేరు. కర్నూలు, కడప జిల్లాల పల్లెల్లో నాటకం బాగుందో లేదో నాటకం నడుస్తుండగానే తేలిపోతుంది. పద్యం చివర తీసిన రాగం నచ్చితే ఈలలు, చప్పట్లు, వన్స్‌మోర్ కేకలు. ఇంకా నచ్చితే మైకులో చదివింపులు. నచ్చకపోతే ఎవరూ ఏమీ అనరు, ఒక్కొక్కరే చాప చుట్టుకుని ఇంటిదారి పడతారు. నూట నలభై ఏళ్లుగా ఈ ప్రాంతంలో నాటకం మీద అభిప్రాయం ఇలాగే వెలువడుతోంది. ఆ అభిప్రాయం నటుణ్ణి మెచ్చుకోవడంతోనో తిప్పికొట్టడంతోనో ఆగలేదు. నాటకం ఎంతసేపు ఆడాలో, అందులో ఏం ఉండాలో, ఏం పోవాలో కూడా అదే తేల్చింది.

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో జరిగిన ఓ పెళ్లి నుంచి ఈ కథ మొదలుపెట్టవచ్చు. మహారాష్ట్ర ప్రాంతం నుంచి వలస వచ్చి తోలుబొమ్మలాట ఆడుకుంటూ బతుకుతున్న వనారస వారి కుటుంబం చేత ఆ ఊరి పెద్దలు బొమ్మలకు బదులు మనుషులతోనే ఆట ఆడించారు. ఆడింది 'కీచకవధ'. కథ జనానికి కొత్త కాదు. వానల కోసం విరాటపర్వం చదివించడం, ఆడించడం తెలుగు పల్లెల్లో పాత ఆనవాయితీ. తెలిసిన కథే తెర వెనుక నీడగా కాక తెర ముందు మనిషిగా నిలబడేసరికి ఊరు మెచ్చింది. ఆ మెప్పే వనారస గోవిందరావు తదితరులను బొమ్మలు పక్కనపెట్టి రంగస్థలం వైపు నడిపించింది. ఊరి పేరే సమాజం పేరయింది. మిగతా చోట్ల మగవాళ్లే ఆడవేషాలు కట్టే రోజుల్లో సురభి కుటుంబాల స్త్రీలు స్త్రీ పాత్రలు వేశారు.

సురభి వారిది బతుకుదెరువు. అదే కాలంలో పగలు ఉద్యోగం చేసుకుని రాత్రి వేషం కట్టేవాళ్ల నాటకం బళ్లారిలో పుట్టింది. అప్పట్లో బళ్లారి, కడప, కర్నూలు, అనంతపురం ఒకే దత్తమండల సీమ. ధర్మవరంలో పుట్టి బళ్లారిలో వకీలుగా స్థిరపడిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912) సరసవినోదినీ సభ స్థాపించి, 'చిత్రనళీయం' వంటి నాటకాలు రాసి తానే వేషం వేశారు. ధార్వాడ, పార్సీ నాటక కంపెనీల ఆటలు చూసిన జనం మాటల మధ్య పాట కోరుకుంటున్నారని గ్రహించి, తన నాటకాల్లో పద్యాలకు, పాటలకు పెద్దపీట వేశారు. తెలుగువాళ్లు ఆయన్ను ఆంధ్ర నాటక పితామహుడన్నారు.

ఆ సభ మద్రాసులో ప్రదర్శనలిచ్చినప్పుడు చూసినవాళ్లలో పమ్మల్ సంబంధ మొదలియార్ అనే తమిళ యువకుడున్నాడు. అప్పటిదాకా తమిళ నాటకమంటే ఆయనకు చిన్నచూపు. చదువుకున్నవాళ్లు, వకీళ్లు, ఉద్యోగస్తులు ముఖానికి రంగు పూసుకుని సభ్యంగా ఆడగలరని బళ్లారి వాళ్లను చూశాకే నమ్మానని ఆయన తర్వాత చెప్పుకున్నారు. 1891లో మద్రాసులో సుగుణ విలాస సభ పెట్టారు. తమిళ అమెచ్యూర్ రంగస్థలానికి అది మూలస్తంభమైంది. సీమ నాటకానికి దక్కిన ప్రేక్షకాభిప్రాయాల్లో ఇంత దూరం పాకిన ఫలం మరొకటి లేదు.

ధర్మవరం వారు నాటకంలోకి తెచ్చిన పాటను జనం పట్టుకున్నారు, ఇక వదల్లేదు. రానురాను సంభాషణ పద్యానికి ఎత్తుగడగా మిగిలింది, పద్యం రాగానికి సాకయింది. చచ్చి పడివున్న పాత్రధారి వన్స్‌మోర్ కేకలకు లేచి నిలబడి, మళ్లీ పాడి, మళ్లీ చచ్చిపోయాడన్న కథ ఒక్కో ఊళ్లో ఒక్కో నటుడి పేరు మీద చెప్పుకుంటారు. ఏ ఊరి కథ నిజమైనా కాకపోయినా, జనం ఏం కోరేవారో అందులో తెలిసిపోతుంది.

ఈ ధోరణికి ఎదురు నిలిచినవాడు కూడా సీమ మనిషే, అదీ ధర్మవరం వారి మేనల్లుడే. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880-1946) వృత్తికి వకీలు. మనిషి దుఃఖంలో ఉన్నప్పుడు గుక్కతిప్పుకోకుండా రాగం తీస్తాడా అన్నది ఆయన ప్రశ్న. పద్యాలు తగ్గించి, మాటలో, చూపులో, నడకలో పాత్రను నిలబెట్టారు. కోలాచలం శ్రీనివాసరావు నాటకం 'రామరాజు'లో ఆయన వేసిన పఠాన్ రుస్తుం పాత్రకు ఎక్కడలేని పేరు వచ్చింది. 1927లో బెంగళూరులో గాంధీజీ ఆయన 'దీనబంధు కబీర్' చూసి ముచ్చటపడ్డారు. ఇంగ్లండు వెళ్లి బెర్నార్డ్ షా వంటి వారిని కలిసి వచ్చారు. కుటుంబ స్త్రీలు రంగస్థలం ఎక్కాలని పట్టుబట్టి కొమ్మూరి పద్మావతీదేవి వంటి వారితో కలిసి నటించారు.

పత్రికలు, పండితులు రాఘవ పక్షాన నిలిచారు. పల్లెజనం మాత్రం రాగం పక్షాన నిలిచారు.

ఆ తీర్పు ఈనాటికీ మారలేదనడానికి పల్లె నాటకమే సాక్ష్యం. చెనక్కాయల పనులు ముగిసి చేతులు కాస్త ఖాళీ అయ్యాక, శివరాత్రికో శ్రీరామనవమికో ఊరి తిరునాళ్లకో నాటకం కడదామన్న మాట వస్తుంది. హార్మోనియం మాస్టరును కుదుర్చుకుంటారు. ఆయన ఆ ఊళ్లోనే ఉండి రాత్రిళ్లు రామాలయంలోనో బడి వరండాలోనో పద్యాలు నేర్పుతాడు. నేర్చుకునేది రైతు, టైలరు, బస్సు డ్రైవరు, పంతులు. చదవడం సరిగా రానివాళ్లు కూడా తిరుపతి వెంకట కవుల కురుక్షేత్ర పద్యాలనో, బలిజేపల్లి లక్ష్మీకాంతం 'సత్యహరిశ్చంద్రీయం' పద్యాలనో చెవితో విని నోటికి తెచ్చుకుంటారు. పాత్రధారులకు డబ్బు రావడం అటుంచి, వాళ్లే చందా వేసుకుంటారు. పెద్ద వేషానికి పెద్ద వాటా. మాస్టరుకు, అద్దె డ్రెస్సులకు, మైకుసెట్టుకు, బయటి నుంచి పిలిపించే స్త్రీ పాత్రధారిణులకు ఆ డబ్బే ఆధారం.

ఆట రాత్రి పదింటికి మొదలైతే తెల్లవారేదాకా నడుస్తుంది. స్టేజీ పక్కన హార్మోనియం ముందు మాస్టరు. ఎదుట చాపల మీద, గోనెపట్టాల మీద ఊరు ఊరంతా. ముందు వరుసల్లో కూర్చునే ముసలివాళ్లే అసలు పరీక్షాధికారులు. పడక సీనులో కృష్ణుడు ఎత్తుకోబోయే పద్యం వాళ్లకు ముందే తెలుసు. నటుడు తడబడితే తర్వాతి మాట కింద నుంచి అందుతుంది. శ్రుతి తప్పితే నటుడి వైపు కాదు, మాస్టరు వైపు చూస్తారు. నేర్పినవాడిదే తప్పు అన్నట్టు.

ఇక చదివింపులు. దుర్యోధనుడు రోషంతో ఊగిపోతూ పద్యం ముగించాడో లేదో మైకు చేతులు మారుతుంది. ఫలానా ఊరి ఫలానా రెడ్డిగారు దుర్యోధన పాత్రధారికి వంద రూపాయలు చదివించారని ప్రకటన. దుర్యోధనుడు కోపం పక్కనపెట్టి, కిరీటం ఒక చేత్తో పట్టుకుని, చెప్పినవైపు తిరిగి వంగి నమస్కారం పెడతాడు. బావమరిది వచ్చి నోటును చొక్కాకు పిన్నుతో గుచ్చిపోతాడు. తర్వాత మళ్లీ కోపం. పాతకాలంలో డబ్బుకు బదులు వెండి పతకాలిచ్చేవారు. బయటివాళ్లకు ఇది రసభంగంగా తోచవచ్చు. ఊరివాళ్లకు మాత్రం ఇదీ ఆటలో భాగమే. ఎవరికి ఎన్ని చదివింపులొచ్చాయన్నది మర్నాడు టీ అంగడి దగ్గర తేలే మొదటి లెక్క.

గొంతు మీది ఈ మోజే కాంట్రాక్టు నాటకాన్ని తెచ్చింది. పేరున్న గాయక నటులను ఒక్క రాత్రికి మాట్లాడుకుని తెచ్చి, ఒకే పాత్రను పంచేవారు. రాయబారానికి ఒక కృష్ణుడు, పడక సీనుకు మరొకడు. వారణాసి సీనులో ఒక హరిశ్చంద్రుడు, కాటి సీనులో వేరొకడు. మనిషి మారితే పాత్ర ఏమవుతుందని జనం అడగలేదు. ఇద్దరిలో ఎవరు బాగా పాడారని వాదించుకున్నారు. కోస్తా నుంచి వచ్చే పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు, డి.వి. సుబ్బారావు వంటి వారి పేర్లు సీమ పల్లెల్లో ఇంటి మనుషుల పేర్లంత తెలిసినవి.

ఆ పేర్లను మోసుకొచ్చింది మొదట గ్రామఫోను, తర్వాత క్యాసెట్టు. కపిలవాయి రామనాథశాస్త్రి రికార్డు విన్న చెవులతో తమ ఊరి నటుణ్ణి వినడం మొదలుపెట్టారు. పోలిక తప్పలేదు. సినిమా వచ్చాక పోలిక మరో దారి పట్టింది. 1967 నాటి 'శ్రీకృష్ణావతారం'లో ఘంటసాల ఈ కురుక్షేత్ర పద్యాలనే క్లుప్తంగా, భావం చెడకుండా పాడారు. సినిమాహాలులో జనం దానికి మురిసిపోయారు. అదే జనం స్టేజీ దగ్గర మాత్రం సాగదీసిన రాగమే అడిగారు. ఏ చోట ఏది అడగాలో వాళ్లకు తెలుసు. ఈ నేల నుంచి సినిమాకు వెళ్లినవాళ్లలోనూ పద్యం వాసన పోలేదు. కడప జిల్లా సింహాద్రిపురంలో 1931లో పుట్టిన పద్మనాభం హాస్యనటుడిగా పేరు తెచ్చుకున్నాక కూడా సొంత నాటక సమాజం నడిపారు.

మెప్పు, విమర్శ కాక మూడో రకం తీర్పు ఒకటుంది, భక్తి. పోతులూరి వీరబ్రహ్మం నడిచిన నేల ఇది. బనగానపల్లె కర్నూలు వైపు, కందిమల్లాయపల్లె కడప వైపు. బ్రహ్మంగారి నాటకం ఆడితే ఆయన ముస్లిం శిష్యుడు దూదేకుల సిద్ధయ్య సీనుకు హిందువులూ ముస్లింలూ కలిసి కూర్చుంటారు. బ్రహ్మంగారి వేషం కట్టినవాడికి హారతి పట్టే ఊళ్లూ ఉన్నాయి. అక్కడ శ్రుతి తప్పినా ఎవరూ పట్టించుకోరు.

అభ్యంతరం కూడా అభిప్రాయమే. అది సర్కారు దాకా పోయిన సందర్భాలున్నాయి. విజయనగర పతనం మీద కోలాచలం వారు రాసిన 'రామరాజు' మతాల మధ్య చిచ్చు పెడుతుందని బ్రిటిష్ ప్రభుత్వం దాని ప్రదర్శనను అడ్డుకుంది. కాళ్లకూరి నారాయణరావు వేశ్యావ్యామోహానికి వ్యతిరేకంగా రాసిన 'చింతామణి' దారి మరీ విచిత్రం. జనం నవ్వు కోసం సుబ్బిశెట్టి పాత్రలో నటులు సొంత మాటలు చేర్చుకుంటూ పోయారు. నవ్వినకొద్దీ మాట ముతకబడింది. తమను కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి చేసిన ఫిర్యాదుల మీద 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. వివాదం హైకోర్టుకెక్కింది. నాటకకర్త రాసినదానికి కాక, ప్రేక్షకుల ఈలలు రాయించినదానికి పడ్డ శిక్ష అది.

పద్యనాటకానికి కాలం చెల్లిందన్న మాట పట్నాల్లో తరచూ వినబడుతుంది. పల్లెల్లో ఇంకా మాస్టర్లు పద్యాలు నేర్పుతున్నారు, ఆటల వీడియోలు ఫోన్లలో తిరుగుతున్నాయి. లోటల్లా చరిత్ర రాసుకోకపోవడమే. సురభి గురించి, రాఘవ గురించి పుస్తకాలున్నాయి. ఊరి కృష్ణుడు, ఊరి నక్షత్రకుడు, వాళ్లకు పద్యం నేర్పిన మాస్టరు మాత్రం ఏ పుస్తకంలోనూ లేరు. వాళ్ల పేర్లు మిగిలింది ఒక్క కరపత్రాల్లోనే. తేదీ, ఊరు, పాత్రలు, పాత్రధారులు, హార్మోనియం ఎవరు, మైకుసెట్టు ఎవరిది అన్నీ ఆ రంగు కాగితం మీద అచ్చయి ఉంటాయి. పాత ఇల్లు సర్దేటప్పుడు ట్రంకుపెట్టె అడుగున అలాంటిది కనబడితే పొయ్యిలో వేయకండి. ఫోటో తీసి ఉంచండి, కాగితాన్ని దగ్గర్లోని గ్రంథాలయానికి ఇవ్వండి.