వడిసెలకు గురువెవరు?

బర్మాలో సంప్రదాయ యుద్ధవిద్యలన్నిటికీ కలిపి ఒక పేరుంది: థైంగ్. అందులో మళ్ళీ శాఖలు. ఖాళీ చేతులతో చేసేది బాండో, కత్తీ కర్రా పట్టేది బాన్షే, పిడిగుద్దుల ఆట లెథ్వే, కుస్తీ నబాన్. పేరున్న విద్యకు గురువుంటాడు, శిష్యులుంటారు, చరిత్ర రాసేవాళ్ళూ దొరుకుతారు. మరి మన జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు యుద్ధవిద్య ఏముంది అని అడిగితే? చాలామంది చెప్పేది ఒకటే పేరు: పేరిణి.

పేరిణి గొప్పదే. గణపతిదేవుడి గజసేనాని జాయప 1253-54లో సంస్కృతంలో రాసిన నృత్తరత్నావళిలో అది ఉంది. మొన్నటిదాకా భూపాలపల్లి జిల్లాలోనే ఉండి, 2019లో ములుగు జిల్లాకి వెళ్ళిన పాలంపేటలో రామప్ప గుడి రాళ్ళ మీద నాట్యభంగిమలున్నాయి. ఆ పుస్తకాన్నీ ఈ రాళ్ళనీ కలిపి చదివి నటరాజ రామకృష్ణ పేరిణికి మళ్ళీ ప్రాణం పోశారు. యుద్ధానికి వెళ్ళేముందు వీరులు ఆడే నృత్యమని ఇవాళ దానికి పేరు. అయితే సంగీతశాస్త్రాలు పేరణికి చెప్పే అయిదు అంగాలు చూడండి: ఘర్ఘరం, విషమం, భావాశ్రయం, కవిచారం, గీతం. అంటే గజ్జెల మోత, కష్టమైన గెంతులు, నవ్వించే అనుకరణ, వీరుడి పొగడ్త, పాట. ఇందులో ఆయుధం ఎక్కడుంది? ఇది నర్తకుడి విద్య. సేనాని పుస్తకంలో ఉంది కదా అని మనం దానికి కత్తి కట్టాం.

అదే కాకతీయుల కథకు రెండో వైపు మేడారం ఉంది. కప్పం కట్టలేమన్న కోయలు విల్లంబులతో రాజు సేనను ఎదిరించారని సమ్మక్క కథ చెప్తుంది. వాళ్ళ విలువిద్య మీద ఏ సేనానీ గ్రంథం రాయలేదు. అది జాతరలో బతికింది.

ఇక ఏడు వందల ఏళ్ళు ముందుకొద్దాం. జనగామ ప్రాంతంలో విసునూరు దేశ్‌ముఖ్ రాజ్యం. 1940లలో ఆంధ్రమహాసభ సంఘం ఊరూరా పెరుగుతుంటే జనం దానికి తమదైన పేరు పెట్టుకున్నారు: గుత్పల సంఘం. గుత్ప అంటే దుడ్డుకర్ర. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను దేశ్‌ముఖ్ మనుషులు కోసుకుపోకుండా కాపలా కాసి ఇంటికి చేర్చింది ఆ కర్రల వాళ్ళే. పాల్కురికి సోమనాథుడి ఊరు కూడా అదే. 1946 జులై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశ్‌ముఖ్ మనుషులు తుపాకులు పేల్చారు. దొడ్డి కొమరయ్య చనిపోయాడు. ఆయన గొర్లకాపరి కులం బిడ్డ. ఊరేగింపులో నడిచిన జనం చేతుల్లో ఉన్నవి కర్రలు, వడిసెలలు.

ఈ వడిసెలను కొంచెం దగ్గరగా చూడాలి. మధ్యలో రాయి కూర్చునే జాలె, రెండు వైపులా తాళ్ళు. ఒక తాడు కొస ఉంగరంలా వేలికి తగిలిస్తారు, రెండోది పిడికిట్లో పట్టుకుంటారు. గిరగిరా తిప్పి, సరిగ్గా గురి కుదిరిన క్షణాన పిడికిట్లోది వదిలేస్తారు. ఆ క్షణం ఒక్క పిసరు అటూ ఇటూ అయితే రాయి పక్కకు పోతుంది. తాడు ఎంత పొడుగుండాలి, ఎలాంటి రాయి ఎంచుకోవాలి, ఎప్పుడు వదలాలి - ఇవన్నీ సూత్రాలే. వాటిని ఎక్కడ నేర్చుకున్నారు? జొన్నచేలో, మంచె మీద. కంకుల మీద వాలే పిట్టలను కొట్టీ కొట్టీ ఆడవాళ్ళకు, పిల్లలకు కూడా చెయ్యి కుదిరింది. దళంలోకి వచ్చేనాటికే వాళ్ళకు ఏళ్ళ శిక్షణ ఉంది. దాన్ని ఎవరూ శిక్షణ అనలేదు, అంతే.

కర్రా అంతే. దసరాకో పీర్ల పండక్కో కర్రసాము చేసేవాళ్ళున్నారు, తాలీంఖానాలున్నాయి. కానీ గుంపులో నిలబడ్డ కూలీకి ఆ విన్యాసాలన్నీ అక్కర్లేదు. రెండు చేతుల మధ్య ఎడం ఉంచి పట్టుకోవడం, కాళ్ళు ఒకేచోట పాతేయకపోవడం, పక్కవాడికి తగలకుండా తిప్పడం తెలిస్తే చాలు. గొర్లమందను తోడేలు నుంచి కాచేవాడికి ఇందులో సగం ముందే వచ్చు.

ఇక్కడితో ఆగితే ఇదొక అందమైన కథ అవుతుంది. కర్రకు హద్దుంది. జనగామకు దగ్గర్లోని బైరాన్‌పల్లి, ఇప్పుడు సిద్దిపేట జిల్లా. రజాకార్ల దాడులను వడిసెలలతో, నాటు తుపాకులతో తిప్పికొట్టిన ఊరది. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఇంకా పెద్ద బలగంతో వచ్చారు. ఊరి బురుజు నిలవలేదు. పదుల సంఖ్యలో ఊరివాళ్ళను చంపారు. ఆ సెప్టెంబరు 17 తర్వాత భారత సైన్యం నుంచి తప్పుకుంటూ అడవులకు చేరిన దళాల చేతుల్లో తుపాకులే ఉన్నాయి. విద్య ఎంత బాగా వచ్చినా, ఆయుధం చాలనప్పుడు మనుషులే పోతారు. వడిసెలను పొగిడేటప్పుడు ఈ లెక్క మర్చిపోతే బైరాన్‌పల్లికి అన్యాయం చేసినట్టే.

రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. సంతోషం. రాయి మీద చెక్కింది ఎనిమిది వందల ఏళ్ళు నిలిచింది. వడిసెల విద్య మాత్రం జొన్నచేనుతో ముడిపడింది. ఈ మూడు జిల్లాల్లో ఇప్పుడు ఎటు చూసినా పత్తి. పత్తిచేలో గింజల కోసం పిట్టలు వాలవు, మంచె అక్కర్లేదు, వడిసెలతో పనిలేదు. నిషేధాలేమీ లేకుండానే, పంట మారినందుకు ఒక యుద్ధవిద్య పోయింది. మంచె ఎక్కి పిట్టలను కొట్టిన ముసలమ్మలు ఊళ్ళల్లో ఇంకా కొందరున్నారు. తాడు ఎంత పొడుగు పేనేవాళ్ళో, రాయి ఎప్పుడు వదిలేవాళ్ళో వాళ్ళ చేతులకు తెలుసు. నృత్తరత్నావళిని చదివినంత శ్రద్ధగా వాళ్ళ మాటలను రాసుకోవడానికి మనకు ఎక్కువ టైం లేదు.