తరగతి గదిలో ఎన్నికలు: విద్యార్థులకు ప్రజాస్వామ్య ప్రక్రియపై ప్రత్యక్ష అవగాహన

61వ రాజ్యాంగ సవరణ ద్వారా 1989 మార్చి 28 నుంచి ఓటు హక్కు వయస్సు 21 నుంచి 18 సంవత్సరాలకు తగ్గింది. తత్ఫలితంగా పదవ తరగతి పూర్తి చేసిన రెండు మూడేళ్లకే విద్యార్థి ఓటరు జాబితాలో చేరుతున్నాడు. ఈ దృష్ట్యా తరగతి నాయకుడు, పాఠశాల విద్యార్థి నాయకుడు (ఎస్‌పీఎల్) పదవులకు పూర్తి స్థాయి ఎన్నికల పద్ధతిలో పోలింగ్ నిర్వహించే సంప్రదాయానికి ప్రాధాన్యం ఏర్పడింది.

ఇటువంటి ఎన్నికలో హాజరు పట్టీయే ఓటరు జాబితా. ప్రధానోపాధ్యాయుని ప్రకటన, నామినేషన్లు, పరిశీలన, ఉపసంహరణ, గుర్తుల కేటాయింపు, ప్రచారం వరుసగా జరుగుతాయి. ప్రిసైడింగ్ అధికారి, పోలింగ్ అధికారులు, ఏజెంట్లు కూడా విద్యార్థులే. ఎడమచేతి చూపుడు వేలిపై గుర్తుకు మామూలు సిరా సరిపోతుంది.

ఈ ప్రక్రియలో అన్నిటికన్నా ముఖ్యమైనది రహస్య ఓటు. చేతులెత్తించి నాయకుని ఎన్నుకొనే పద్ధతి సులువే గాని, పక్క బల్లపై కూర్చున్న స్నేహితురాలికి వ్యతిరేకంగా చేయి ఎత్తడం పదేళ్ల బాలికకు సాధ్యం కాదు. తరగతిలో బలవంతుడైన బాలుడు ఎవరెవరు చేతులెత్తారో గుర్తుంచుకుంటాడు. పాత అట్టపెట్టెతో చేసిన చిన్న మరుగు ఈ భయాన్ని తొలగిస్తుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టంలోని 128వ సెక్షన్ ఓటు రహస్యాన్ని కాపాడవలసిన బాధ్యతను ఎన్నికల సిబ్బందిపై ఉంచింది. పాఠశాల ఎన్నికల వార్తలకు ఛాయాచిత్రాలు తీసే పాత్రికేయులు సైతం మరుగు లోపలి దృశ్యాన్ని విడిచిపెట్టడం సముచితం.

చదవడం ఇంకా పూర్తిగా రాని చిన్న తరగతుల వారికి దేశ చరిత్రలోనే ఒక మార్గం ఉన్నది. 1951-52, 1957 సార్వత్రిక ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉంచి, దానిపై ఆ అభ్యర్థి గుర్తును అంటించారు. ఓటరు తనకు నచ్చిన గుర్తు గల పెట్టెలో కాగితం వేస్తే చాలును. మొదటి ఎన్నికలలో 17 కోట్లకు పైగా ఓటర్ల కోసం ఏర్పరచిన ఈ పద్ధతిని రెండవ తరగతి పిల్లలు అయిదు నిమిషాలలో గ్రహించగలరు. అయితే పెట్టెలన్నీ మరుగు లోపలే ఉండాలి.

ఓట్ల లెక్కింపును ఉపాధ్యాయులు తమ గదిలో ముగించి ఫలితం మాత్రమే ప్రకటించడం సరికాదు. ప్రతి కాగితాన్ని ఏజెంట్లకు చూపి, చెల్లని ఓట్లను కారణంతో సహా పక్కన పెట్టి, కోరితే మళ్లీ లెక్కించినపుడే ఓడిన అభ్యర్థికి సందేహం మిగలదు. నలభై మంది ఉన్న తరగతిలో ఓట్లు సమానంగా రావడం అరుదు కాదు. అటువంటి సందర్భంలో ప్రజాప్రాతినిధ్య చట్టం 65వ సెక్షన్ ప్రకారం చీటీ తీసి, పేరు వచ్చిన వారికి ఒక ఓటు అదనంగా లభించినట్లు భావిస్తారు. పిల్లల ఎదుటే చీటీ తీస్తే సరిపోతుంది.

మార్కులలో ప్రథముడే నాయకుడని, బాలుడు నాయకుడైతే బాలిక ఉపనాయకురాలని ముందే నిర్ణయించిన చోట పోలింగ్ జరిగినా ప్రయోజనం స్వల్పం. గెలిచిన వారి పని ఉపాధ్యాయుడు లేనప్పుడు మాట్లాడిన వారి పేర్లు నల్లబల్లపై వ్రాయడమే అయితే అది కాపలాదారు ఉద్యోగమే అవుతుంది. తాగునీరు, మధ్యాహ్న భోజనం, మరుగుదొడ్ల శుభ్రత, గ్రంథాలయ వేళలు వంటి విషయాలను నాయకుడు ప్రధానోపాధ్యాయుని దృష్టికి తెచ్చి, వచ్చిన సమాధానాన్ని తరగతికి తెలియజేసే ఏర్పాటు ఉండాలి.

భావి ఓటర్ల కోసం భారత ఎన్నికల సంఘం 2018 జనవరి 25న, జాతీయ ఓటర్ల దినోత్సవం నాడు, ఎన్నికల అక్షరాస్యతా క్లబ్బులను ప్రారంభించింది. పాఠశాలల్లో ఇవి 9 నుంచి 12వ తరగతి వరకు ఉద్దేశించినవి. 2022 నుంచి ఓటరు నమోదుకు జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబరు 1 అర్హత తేదీలుగా ఉన్నాయి. 17 సంవత్సరాలు నిండినవారు ఫారం-6 ద్వారా ముందుగానే దరఖాస్తు చేసుకోవచ్చును.