తప్పు మనిషిదా, వ్యవస్థదా? ఎర్ర పూసల ప్రయోగం, అప్రైజల్ లెక్కలు

సంస్థల్లో పని చెడితే మొదట వెతికేది మనిషిని. సంజాయిషీ అడుగుతారు, మెమో ఇస్తారు, విషయం పెద్దదైతే సస్పెండ్ చేస్తారు. పని జరిగే తీరు మాత్రం మర్నాడూ అలాగే ఉంటుంది. 1950లో జపాన్ ఇంజినీర్లకు నాణ్యత పాఠాలు చెప్పిన అమెరికన్ గణాంకవేత్త డబ్ల్యూ. ఎడ్వర్డ్స్ డెమింగ్ జీవితాంతం పోరాడింది ఈ అలవాటుతోనే. సంస్థల ఇబ్బందుల్లో 94 శాతం వ్యవస్థవని, వాటికి బాధ్యత యాజమాన్యానిదని ఆయన తన అనుభవం మీద అంచనా వేశాడు. ఆ 94ను కొలిచి తేల్చిన సంఖ్యగా తీసుకోకూడదు. దాని వెనకున్న తర్కం మాత్రం గట్టిది. డెమింగ్ తన సెమినార్లలో చేసి చూపిన ఎర్ర పూసల ప్రయోగమే అందుకు ఆధారం.

ఒక పెట్టెలో 4,000 పూసలు: 3,200 తెల్లవి, 800 ఎర్రవి. సభలోంచి ఆరుగురు పనివాళ్లుగా ముందుకు వస్తారు. 50 గుంటలున్న పలకను పెట్టెలో ముంచి, గుంటకో పూసతో పైకి తీయడం వాళ్ల పని. కొనేవాడికి కావలసింది తెల్లవి. ఎర్రది వస్తే లోపం. ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు ఒకరి అంకె ఒకరు చూడకుండా లెక్కపెడతారు. ఫోర్‌మన్ వేషం డెమింగ్‌దే. పలక ఎలా పట్టాలో, ఎలా వంచాలో నేర్పుతాడు. గోడకు నినాదాలు అంటిస్తాడు. ఎర్రవి తక్కువ వచ్చినవాణ్ని మెచ్చుకుంటాడు, ఎక్కువ వచ్చినవాణ్ని గద్దిస్తాడు. చివరకు ముగ్గురిని ఇంటికి పంపి, ‘మంచి’ ముగ్గురితో రెండు షిఫ్టులు చేయిస్తాడు. ఎర్ర పూసలు తగ్గవు.

ఎందుకు తగ్గవో లెక్క వేస్తే తెలుస్తుంది. పెట్టెలో ఐదో వంతు ఎర్రవి కనుక 50 పూసల్లో సగటున 10 రావాలి. ప్రామాణిక విచలనం 8కి వర్గమూలం, అంటే 2.83. సగటుకు అటూ ఇటూ మూడు విచలనాలు తీసుకుంటే హద్దులు 1.5, 18.5. అంటే ఒకడికి 3, ఇంకొకడికి 17 వచ్చినా ఇద్దరి పనితనంలో తేడా ఉందనడానికి ఆధారం లేదు. ఇంకో సంగతి చూడాలి. ఇలాంటి ఆరు అంకెల్లో పెద్దదానికీ చిన్నదానికీ మధ్య సగటున 7 పూసల ఎడం కేవలం యాదృచ్ఛికంగానే వస్తుంది. ఫోర్‌మన్ మెచ్చుకున్నదీ, గద్దించినదీ ఆ ఏడు పూసలనే.

ఈ హద్దుల ఆలోచన వాల్టర్ షూహార్ట్‌ది. 1924లో అమెరికాలోని బెల్ టెలిఫోన్ సంస్థలో పనిచేస్తూ ఆయన కంట్రోల్ చార్ట్‌కు రూపమిచ్చాడు. హద్దుల లోపలి హెచ్చుతగ్గులు వ్యవస్థలో ఎప్పుడూ ఉండేవి. హద్దు దాటిన అంకెకు ఏదో ప్రత్యేక కారణం ఉంటుంది, దాన్ని వెతకాలి. మొదటి రకాన్ని రెండో రకంగా పొరబడి ప్రతిసారీ సరిదిద్దబోతే పని మెరుగుపడకపోగా ఇంకా చెడుతుంది. నిలకడగా సాగే పనిలో, గురి తప్పిన ప్రతిసారీ తప్పినంత మేర వెనక్కి జరుపుతూ పోతే ఫలితాల విస్తృతి 41 శాతం పెరుగుతుందని గణితమే చెబుతుంది. నెలకో కొత్త సర్క్యులర్ జారీ చేసే అధికారి చేసేది సరిగ్గా ఇదే.

ఈ విద్య మనకు కొత్త కాదు. గణాంకవేత్త మహలనోబిస్ ఆహ్వానం మీద షూహార్ట్ 1947-48లో భారతదేశానికి వచ్చాడు. వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం ఎంఏ చేసి కలకత్తా గణాంక సంస్థలో చేరిన సి.ఆర్. రావు 1940ల్లో రూపొందించిన ఆర్థోగనల్ అర్రేలు (ప్రయోగాలను పొందికగా అమర్చే పట్టికలు), తర్వాతి కాలంలో జపాన్ ఇంజినీరు టాగుచి నాణ్యతా పద్ధతులకు పునాది అయ్యాయి. అయినా మన దగ్గర ఈ గణాంకాలు మిషన్ల దగ్గరే ఆగిపోయాయి, మేనేజర్ల గది దాకా రాలేదు. నన్ను బాధించేది ఇదే.

హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి బెల్ కర్వ్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. టీమ్‌లో ఇంతమందికి పై రేటింగు, ఇంతమందికి కింది రేటింగు అని ముందే కోటా పెట్టి మనుషుల్ని అందులో సర్దుతారు. ఎంత సమానమైన ఆరుగురిలోనైనా ఒక చివరివాడు ఉండి తీరతాడు. ఏడాది చివర ఒక్క అంకెతో అతణ్ని తీసేయడం పూసల ఆటలో ముగ్గురిని పంపేయడం లాంటిదే. వార్షిక మదింపును డెమింగ్ సంస్థల ప్రాణాంతక రోగాల్లో చేర్చింది ఇందుకే. మనుషుల మధ్య తేడాలే ఉండవని ఆయన అనలేదు. ఒకరి అంకెలు నెలల తరబడి హద్దు బయటే ఉంటే అక్కడ చూడాల్సింది తప్పక ఉంటుంది: శిక్షణ చాలలేదేమో, ఇచ్చిన పనే వేరేమో, లేక అతను కనిపెట్టిన పద్ధతి అందరూ నేర్చుకోదగ్గదేమో.

మరి పెట్టెలోకి ఎర్ర పూసలు ఎక్కడినుంచి వచ్చాయి? సరుకుతో పాటు వచ్చాయి. సరుకును ఎంచుకున్నది కొనుగోలు విభాగం. అది చవక టెండరు ఖాయం చేసి, బడ్జెట్ మిగిల్చిందని మెప్పు పొందుతుంది. ఆ మిగులు మరో విభాగంలో లోపాలుగా, మళ్లీ చేసిన పనిగా, ఎవరిదో తక్కువ రేటింగుగా తేలుతుంది. ఏ విభాగం లెక్క ఆ విభాగానికి బాగానే ఉంటుంది, సంస్థ మాత్రం నష్టపోతుంది. ధర ఒక్కటే చూసి కొనడం మానాలని డెమింగ్ తన 14 సూత్రాల్లో నాలుగోదిగా చెప్పింది ఈ ముడి విప్పడానికే. టెండర్లు పోల్చే పట్టికలో ధర పక్కనే ఇంకో గడి ఉండాలి: కిందటిసారి ఇదే సరుకు వల్ల షాప్‌ఫ్లోర్‌లో తిరిగి చేయాల్సి వచ్చిన పని ఖర్చు. ఆ గడి నింపాల్సింది కొనుగోలు అధికారి కాదు, పలక పట్టుకున్న పనివాడు.