కరెంటు మీటరు మూత తెరిచినవాళ్ళు

దేవుడి మాట వస్తే "రుజువేదీ?" అని అడగడం మనకి అలవాటే. మరి నెలనెలా వచ్చే కరెంటు బిల్లుని ఆ ప్రశ్న ఎంతమందిమి అడిగాం?

1882లో న్యూయార్క్ పెర్ల్ స్ట్రీట్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం మొదలైంది. ఆయన వాడిన మీటరులో జింక్ సల్ఫేట్ ద్రావణం, అందులో జింకు పలకలు ఉండేవి. కరెంటు వాడినకొద్దీ ఒక పలక కరిగి రెండోదాని మీద జింకు చేరేది. కంపెనీ మనిషి వచ్చి పలకలు తూచి బిల్లు వేసేవాడు. సూత్రం ఫారడేది, అందులో తప్పులేదు. కానీ ఇంటివాడు చూసుకోవడానికి అంకే లేదు!

1889లో బుడాపెస్ట్‌లో, గాంజ్ కంపెనీలో పనిచేసే ఓటో బ్లాతీ ఇండక్షన్ మీటరుకి పేటెంట్ తీసుకున్నాడు. మన ఇళ్ళలో గిర్రున తిరిగిన అల్యూమినియం చక్రం ఆ వంశానిదే. ఇప్పుడు అంకె కనిపించింది. అయితే అది మొత్తం లెక్క. ఫ్రిజ్ వాటా ఎంత, మోటారు వాటా ఎంత అంటే జవాబు లేదు.

ఆ ఖాళీలోకే "పవర్ సేవర్" పెట్టెలు దూరాయి. మా వీధికి అలాంటి పెట్టెలమ్మే అతను ఒకసారి వచ్చాడు. మోటారు నడిపించి, వైరుకి క్లాంప్ మీటరు తగిలించి, పెట్టెని ప్లగ్‌లో పెట్టాడు. ఆంపియర్లు నిజంగానే తగ్గాయి. గాల్లోంచి విభూతి తీసే బాబా కన్నా ఇతను తెలివైనవాడు. ఎందుకంటే చూపించిన అంకె అబద్ధం కాదు. పెట్టెలో ఉండేది కెపాసిటర్. మోటారుకి కావలసిన రియాక్టివ్ కరెంటుని అది పక్కనుంచే ఇస్తుంది కాబట్టి లైనులో ఆంపియర్లు తగ్గుతాయి. కానీ ఇంటి బిల్లు ఆంపియర్ల మీద కాదు, కిలోవాట్ అవర్ల మీద. మోటారు చేసే పని తగ్గలేదు, కాబట్టి యూనిట్లూ తగ్గవు.

2005లో ఇటలీలో ఆర్డ్యునో బోర్డు పుట్టింది. ఆ తర్వాత కొన్నేళ్ళకే వేల్స్‌లో ట్రిస్టన్ లీ, గ్లిన్ హడ్సన్ "ఓపెన్ ఎనర్జీ మానిటర్" మొదలుపెట్టారు. వైరు కోయకుండా దాని చుట్టూ తగిలించే సెన్సార్ కరెంటుని కొలుస్తుంది. చిన్న అడాప్టర్ వోల్టేజిని చూపిస్తుంది. రెండిటినీ క్షణక్షణం గుణించి సగటు తీస్తే అసలు వాట్లు వస్తాయి. సర్క్యూట్, ప్రోగ్రాం, లెక్క అన్నీ బయటపెట్టారు.

ఇందులో గొప్పేముంది అంటారా? కరెంటు ఒక్కటే కొలిచి, దాన్ని 230తో గుణించి "వాట్లు" అని చూపే మానిటర్ పెట్టెలమ్మేవాడి పక్షానే సాక్ష్యం చెబుతుంది! మూసిన పెట్టెలో ఆ లెక్క మనకి కనపడదు. తెరిచిన ప్రోగ్రాంలో అయితే ఆ ఒక్క లైను చదివి పట్టుకోవచ్చు.

అలాగని ఓపెన్ సోర్స్ వేదవాక్కు కాదు. సెన్సార్‌ని నమ్మకమైన మీటరుతో సరిచూడకపోతే అదీ తప్పే చెబుతుంది. తేడా ఒక్కటే. ఆ తప్పుని ఎవరైనా పట్టుకోగలరు, దిద్దగలరు.

ఏమీ కొనకుండానే మొదలుపెట్టవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరు మీద యూనిట్‌కి ఎన్నిసార్లు లైటు మెరుస్తుందో రాసి ఉంటుంది. 3200 అనుకుందాం. ఇంట్లో అన్నీ ఆపి 1000 వాట్ల హీటరు ఒక్కటే వెయ్యండి. నిమిషానికి సుమారు 53 మెరుపులు రావాలి. వోల్టేజి తక్కువగా ఉంటే కొంచెం తగ్గుతాయి. ఆ తర్వాత మోటారు వేసి, పవర్ సేవర్ పెట్టీ పెట్టకా లెక్కపెట్టండి.